మోటారు వేడి లెక్క: జౌల్ తెడ్ల నుంచి ఫ్యాను దాకా

ఎయిర్ కండిషనింగ్ భారాన్ని లెక్కగట్టేటప్పుడు గదిలోని మనుషులను, దీపాలను, కిటికీలోంచి వచ్చే ఎండను మీరు మరచిపోరు. ఫ్యాను తిప్పే మోటారు దగ్గర మాత్రం చాలామంది తడబడతారు. మోటారులో వృథా అయ్యే విద్యుత్తే వేడి అవుతుంది, మిగతాది 'పనికి' పోతుంది కదా అనుకుంటారు. ఈ లెక్క ఎందుకు తప్పో తెలియాలంటే, ఉష్ణం అంటే ఏమిటో ఇంకా తేలని రోజుల్లోకి వెళ్ళాలి.

అప్పట్లో ఉష్ణాన్ని కంటికి కనిపించని ద్రవంగా, 'కెలోరిక్'గా భావించేవారు. 1798లో కౌంట్ రమ్‌ఫర్డ్, మ్యూనిక్‌లో ఫిరంగి గొట్టాలను తొలిచేటప్పుడు పుట్టే వేడితో నీళ్ళు మరిగించిన సంగతిని వెల్లడించాడు. తొలుస్తున్నంతసేపూ వేడి వస్తూనే ఉంది. నిల్వ ఉన్న ద్రవమైతే ఎప్పుడో ఒకప్పుడు అయిపోవాలి కదా!

ఎంత పనికి ఎంత వేడి అన్నది కచ్చితంగా తేల్చినవాడు జేమ్స్ జౌల్. మాంచెస్టర్ పక్కనున్న సాల్ఫర్డ్‌లో ఆయన కుటుంబానికి బీరు కర్మాగారం ఉండేది. ఆవిరి యంత్రానికి బదులు విద్యుత్ మోటారు వాడితే గిట్టుబాటవుతుందా అన్నది ఆయన తొలి ప్రశ్నల్లో ఒకటి. (అవలేదు. బ్యాటరీలో ఖర్చయ్యే జింకు బొగ్గుకన్నా చాలా ఖరీదు.) ఆ పరిశోధనే ఆయనను వేడి వైపు మళ్ళించింది. తీగలో పుట్టే ఉష్ణం విద్యుత్ ప్రవాహపు వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుందని 1840లో కనుగొన్నాడు. తరవాత, కిందికి దిగే బరువులతో నీటిలో తెడ్లు తిప్పి, నీటి ఉష్ణోగ్రత ఎంత పెరిగిందో కొలిచాడు. ఒక పౌను నీటిని ఒక ఫారన్‌హీట్ డిగ్రీ వేడెక్కించడానికి 772 అడుగు-పౌన్ల పని కావాలని 1850లో ప్రకటించాడు. నేటి విలువ సుమారు 778. ఆనాటి థర్మామీటర్లతో అంత దగ్గరికి రావడం మామూలు విషయం కాదు.

ఆ తెడ్ల తొట్టిని గమనించండి. తెడ్డు నీటిని కదిపింది. నీరు నిలకడకు వచ్చాక ఆ కదలిక వేడిగా మిగిలింది. ఫ్యాను గాలికి చేసేదీ ఇదే. గాలికి అందిన శక్తి గొట్టాల్లోనూ గదిలోనూ ఒరిపిడికి లోనై చివరకు వేడిగానే తేలుతుంది.

'ఎయిర్ కండిషనింగ్' అన్న మాటను 1906లో వాడుకలోకి తెచ్చిన స్టువార్ట్ క్రామర్ అమెరికాలో నూలు మిల్లుల ఇంజనీరు. వేల కదుళ్ళు తిరిగే హాలులో యంత్రాలు తీసుకునే శక్తి దాదాపు అంతా వేడిగా మారుతుంది.

ఇప్పుడు ఒక ఉదాహరణ. 10 కిలోవాట్ల విద్యుత్తు తీసుకునే మోటారు దక్షత 90 శాతం అనుకోండి. మోటారు, ఫ్యాను రెండూ గాలి ప్రవాహంలోనే ఉంటే 10 కిలోవాట్లూ వేడి భారమే. మోటారు బయట ఉండి ఫ్యాను లోపల ఉంటే 9. మోటారు లోపల ఉండి, అది తిప్పే యంత్రం బయట ఉంటే 1 మాత్రమే. ఒక శీతలీకరణ టన్ను 3.517 కిలోవాట్లకు సమానం కాబట్టి, మొదటి సందర్భంలో ఫ్యాను వేడికే సుమారు 2.8 టన్నులు ఖర్చవుతాయి. మోటారు నేమ్ ప్లేటుపై ఉండేది షాఫ్టు వద్ద అందే శక్తి. తీసుకునే విద్యుత్తు కావాలంటే దాన్ని దక్షతతో భాగించాలి. ఫ్యాను కూలింగ్ కాయిల్ తరవాత ఉంటే ఈ వేడి అప్పటికే చల్లబడిన గాలిలో కలుస్తుంది. అప్పుడు కాయిల్ నుంచి వచ్చే గాలిని ఆ మేరకు ఇంకా చల్లగా ఉంచాల్సి వస్తుంది.