తోట కొలనుల్లో నాచు: మైలుతుత్తం నుంచి భాస్వరం దాకా

తోట కొలనును పాడుచేసే నాచు ముఖ్యంగా రెండు రకాలు. కంటికి ఆనని కణాలుగా నీటిలో తేలుతూ కొలనంతా ఆకుపచ్చగా మార్చేది ఒకటి. స్పైరోగైరాలా పోగులుగా అల్లుకుని తెట్టెకట్టేది రెండోది. తెట్టెను కర్రతో లాగెయ్యడం, మరీ ముదిరితే నీళ్లు తోడేసి అడుగు గీకడం తోటమాలులకు ఏనాటి నుంచో తెలుసు. మందు వేసి చంపడం మాత్రం 20వ శతాబ్దిలో స్థిరపడిన పద్ధతి.

దీనికి మూలం స్విట్జర్లాండ్ వృక్షశాస్త్రజ్ఞుడు కార్ల్ నేగెలీ పరిశీలన. నీటిలో రాగి లేశమాత్రంగా కరిగినా స్పైరోగైరా చస్తుందని ఆయన గమనించాడు. దీనిపై ఆయన రచన ఆయన పోయాక, 1893లో అచ్చయింది. అమెరికా వ్యవసాయ శాఖలో పనిచేసిన జార్జ్ మూర్, కార్ల్ కెల్లర్‌మన్ ఆ గుణాన్ని పనిలో పెట్టారు. వాటర్‌క్రెస్ అనే ఆకుకూర పెంచే నీటి మడుల్లో మైలుతుత్తం అనే రాగి లవణం వాడితే నాచు పోయింది, కూర నిలిచింది. 1904లో వాళ్లు తాగునీటి జలాశయాల కోసం ఈ పద్ధతిని ప్రకటించారు. చాలా రకాల నాచుకు పది లక్షల పాళ్ల నీటిలో ఒక పాలు కూడా అక్కర్లేదు. పలుకులను గోనెసంచిలో పోసి, పడవకు కట్టి, నీళ్లలో ఈడిస్తే సరి. పంట తెగుళ్లకు బోర్డో మిశ్రమం కలిపే రైతుకు మైలుతుత్తం పరిచయమైన సరుకే. పద్ధతి చౌక కావడంతో చేపల చెరువులకూ, అలంకార కొలనులకూ పాకింది.

చిక్కులు తర్వాత బయటపడ్డాయి. చచ్చిన నాచు కుళ్లి నీటిలోని ఆక్సిజన్‌ను లాగేసుకుంటే చేపలు తేలిపోతాయి. సున్నం తక్కువున్న నీటిలో రాగి చేపలకే విషం. సున్నం ఎక్కువుంటే త్వరగా పేరుకుని అడుగు బురదలో చేరుతుంది. పైగా కుళ్లిన నాచు వదిలిన పోషకాలు కొత్త నాచుకు మేత.

రసాయనం వద్దనుకున్నవాళ్లకు 1980లలో ఇంగ్లండ్‌లో బార్లీ గడ్డి దొరికింది. చెస్టర్‌ఫీల్డ్ కాలువలో జరిపిన పరీక్షల ఫలితాలు 1990లో వెలువడ్డాయి. గడ్డి మెల్లగా కుళ్లుతూ కొత్త నాచును ఎదగనివ్వదని, ఉన్నదాన్ని మాత్రం చంపదని తేలింది. అందుకే ఎండలు ముదరకముందే వెయ్యాలి, మోపుగా కాక విడివిడిగా వెయ్యాలి. తర్వాతి పరీక్షలు కొన్నిచోట్ల ఫలించాయి, కొన్నిచోట్ల లేదు. దీన్ని నమ్మకమైన మందు అనడం అతిశయోక్తే.

అసలు కారణాన్ని స్పష్టంగా చూపింది కెనడాలో డేవిడ్ షిండ్లర్ బృందం. 1973లో ఒంటారియోలోని ఒక సరస్సును తెరతో రెండుగా చీల్చి, రెండు వైపులా కర్బనం, నత్రజని వేశారు. భాస్వరం ఒక వైపే కలిపారు. ఆ వైపే పచ్చబడింది. ఈ ప్రయోగం తర్వాత మందు మోతాదు కంటే మేత లెక్క ముఖ్యమైంది.

యంత్రాలు కూడా ఆ లెక్కను తప్పించుకోలేవు. వాషింగ్టన్‌లో లింకన్ స్మారకం ముందున్న కొలనును 3.4 కోట్ల డాలర్లతో బాగుచేసి 2012 ఆగస్టు చివర తెరిచారు. ఓజోన్‌తో శుద్ధిచేసే ఏర్పాటు ఉన్నా కొన్ని వారాలకే నాచు కమ్మింది. నీళ్లు తోడి కడిగి, ఓజోన్ పెంచాల్సి వచ్చింది. ఇళ్ల కొలనుల్లో వాడే అతినీలలోహిత దీపాలు తేలే కణాలను అణచగలవు గానీ రాళ్లకు పట్టిన పోగుల జోలికి పోలేవు. చేపలకు మేత తగ్గించడం, రాలిన ఆకులు తీసెయ్యడం, కలువలతో నీడ కల్పించడం ఈ సాధనాలన్నిటికంటే చౌక, ఎక్కువకాలం నిలిచే ఉపాయం కూడా.