కోడ్ బానే ఉంది, మరి బగ్గెక్కడ?

మన రంగంలో అందరికీ అనుభవమే. ఫంక్షన్ లైను లైనూ చదువుతాం, తప్పేం కనబడదు, అవుట్‌పుట్ మాత్రం తప్పు. పెద్దపేగు కాన్సర్ కణాల మీది చక్కెరల చరిత్ర కూడా అచ్చం ఇలాంటిదే.

ప్రొటీన్లకి చక్కెరలు తగిలించే పనిని గ్లైకోసైలేషన్ అంటారు. పేగు లోపలి జిగురుపొరకి ఇదే ప్రాణం. తమాషా ఏంటంటే, ఏ చక్కెర తర్వాత ఏది రావాలో డీఎన్‌ఏలో నేరుగా రాసి ఉండదు. ఎంజైములు ఒకదాని తర్వాత ఒకటి తగిలిస్తూ పోతాయి. ఒక రకం గొలుసులో రెండో చక్కెర పెట్టాల్సింది టి-సింథేజ్ అనే ఎంజైము. అది పని మానేస్తే మిగిలే మొండి గొలుసు పేరు 'టిఎన్'.

దీన్ని 1957లో ఫ్రాన్సులో ఒక రోగి రక్తకణాల మీద గుర్తించారు. తర్వాత పెద్దపేగుతో సహా చాలా కాన్సర్లలో కనబడింది. ఎందుకో మాత్రం దశాబ్దాల పాటు తేలలేదు.

2002లో అమెరికాలోని ఓక్లహోమాలో టాంగ్‌జాంగ్ జు, రిచర్డ్ కమ్మింగ్స్ 'జర్కాట్' అనే ల్యుకేమియా కణాల్ని పట్టుకున్నారు. వాటిలో టి-సింథేజ్ పని సున్నా. దాని జీన్ చూస్తే శుభ్రంగా ఉంది! అసలు తప్పు ఎక్స్ క్రోమోజోమ్ మీదున్న 'కాస్మ్‌క్' అనే వేరే జీన్‌లో దొరికింది. టి-సింథేజ్ సరిగ్గా మడత పడేలా చూసే సహాయకుడది. అది లేకపోతే ఎంజైము తయారైనా కణమే దాన్ని చెత్తలో పడేస్తుంది. మన భాషలో చెప్పాలంటే డిపెండెన్సీ విరిగిందన్నమాట. పైగా మగవాళ్ళకి ఎక్స్ ఒకటే, ఆడవాళ్ళ కణాల్లో రెండున్నా పనిచేసేది ఒకటే. బ్యాకప్ లేదు, ఒక్క దెబ్బ చాలు.

2005లో 1957 నాటి ఆ రక్తజబ్బుకీ ఇదే కారణమని చూపించారు. 2008లో పెద్దపేగు కాన్సర్ వంతు వచ్చింది. ఎల్‌ఎస్174టి అనే కణాల నుంచి వేరుచేసిన రెండు శాఖల్లో ఒకదాని మీద టిఎన్ ఉంది, రెండోదాని మీద లేదు. ఉన్నదాంట్లో కాస్మ్‌క్ పాడైపోయింది.

మరి కథ అయిపోయినట్టేనా? కాలేదు. రోగుల కణుతుల్లో వెతికితే ఈ మ్యుటేషన్ చాలా అరుదుగానే దొరికింది. 2014లో క్లోమ కాన్సర్‌లో ఇంకో దారి బయటపడింది: అక్షరం ఒక్కటీ మారలేదు, కాస్మ్‌క్ మీద మిథైల్ ముద్రలు పడి జీన్ మూగబోయింది.

అందుకే 'ఆ జీన్‌లో మ్యుటేషన్ లేదు' అన్న మాటకి 'అక్కడంతా బావుంది' అని అర్థం కాదు. జీనోమ్ మొత్తం చదివేశాం కదా, ఇంకేముంది అనుకునేవాళ్ళు ఈ చక్కెరల్ని ఒకసారి చూడాలి. సోర్స్ చదవడం వేరు, నడుస్తున్న ప్రోగ్రాముని గమనించడం వేరు. ఆ సంగతి మనకి ఎవరూ చెప్పక్కర్లేదు.