వేరును కప్పిన బూజు

వృక్షము తన వేళ్లతో తానే నేలనుండి ఆహారమును గ్రహించుచున్నదని తలచుట సహజము. పందొమ్మిదవ శతాబ్దమున శాస్త్రజ్ఞులలో పలువురు తలచినదియు నిదియే. ఆ తలంపు మారిన విధము తెలిసికొనదగినది.

ఫ్రాన్సు, ఇటలీ దేశములలో ఓక్, హేజెల్ చెట్ల క్రింద ట్రఫుల్ అను సువాసనగల శిలీంధ్రము నేలలోపల పుట్టును. ధనికుల భోజనములలో దానికి విలువ మెండు. తమ దేశమున గూడ దానిని పండించు మార్గమును కనుగొనుటకై ప్రష్యా వ్యవసాయ మంత్రిత్వశాఖ, బెర్లిన్ వ్యవసాయ విద్యాలయమున ఆచార్యుడగు ఆల్బర్ట్ బెర్న్‌హార్డ్ ఫ్రాంక్‌ను నియోగించెను. ట్రఫుల్ కొఱకు వేళ్లను పరిశీలించిన ఫ్రాంక్‌నకు మఱియొక వింత కనబడెను. ఓక్, బీచ్, హేజెల్, చెస్ట్‌నట్ మొదలగు, గట్టి పెంకు కాయలు కాయు వృక్షముల లేత వేళ్ల కొనలను బూజు తొడుగువలె కప్పియుండెను. అయినను చెట్లు వాడక ఏపుగానే యుండెను.

ఫ్రాంక్ 1880లో మొక్కల రోగములపై గ్రంథము ప్రకటించినవాడు. బూజును చూడగనే రోగమని తీర్పు చెప్పుట అతనికి సులభము. అతడట్లు చేయలేదు. 1885లో ఈ కలయికకు 'మైకోరైజా' అని పేరిడి, బూజు చెట్టునకు నీటిని, పోషకములను అందించు దాది వంటిదని వ్రాసెను. సమకాలికులు కొందఱు బూజు చెట్టును పీల్చి బ్రదుకునదేయని వాదించిరి. ఫ్రాంక్ మట్టిని వేడిచేసి బూజును చంపి, అందు మొక్కలను పెంచి చూపెను. మామూలు మట్టిలోని మొక్కలకంటె అవి వెనుకబడెను.

అతడు 1900లో మరణించెను. స్వీడన్ శాస్త్రజ్ఞులగు మెలిన్, నీల్సన్‌లు 1950లో, బూజుకు అందించిన ఫాస్ఫరస్ పైన్ మొక్కలోనికి చేరుటను రేడియోధార్మిక పదార్థముతో గుర్తించిరి. ఆకులు తయారుచేసిన ఆహారము బూజునకు పోవుటను 1957లో చూపిరి. దాది ఉచితముగా పాలియలేదు. ఇచ్చిపుచ్చుకొనుట ఉభయులకును కలదు.

అన్ని చెట్లకును ఒకే తెగ శిలీంధ్రము చాలదు. కాశ్మీరపు అక్రోటు, పలాస ప్రాంతపు జీడిమామిడి వేళ్లలోని శిలీంధ్రములు వేరును పైనుండి కప్పక, దాని కణములలోనికే చొచ్చి ఫాస్ఫరస్‌ను అందించును.

మంత్రిత్వశాఖ కోరిన ట్రఫుల్ తోట ఫ్రాంక్ చేతిమీదుగా వెలయలేదు. కాని 1970 దశకమునుండి ఫ్రాన్సులో, ముందుగనే ట్రఫుల్ శిలీంధ్రమును వేళ్లకు పట్టించిన ఓక్, హేజెల్ మొక్కలను తోటలలో నాటుచున్నారు. కోరినదానిని వెదకుచు అతడు కనుగొన్న మఱియొక సత్యమే, ఆ కోరికకును దారి చూపినది.