బక్షీసు పంచేదెవరు?

ఆఫ్రికాకు వేటకు వెళ్లే అమెరికన్ పెట్టే ఖర్చులో పెద్ద మొత్తాలేవీ అతని చేతికి అంటవు. క్యాంపులో ఉన్నందుకు రోజు లెక్కన కట్టేది, కొట్టిన జంతువును బట్టి కట్టే ట్రోఫీ ఫీజు, సర్కారు లైసెన్సు, అన్నీ ఒక బ్యాంకు నుంచి ఇంకో బ్యాంకుకు పోతాయి. ఒక్క అడవిదున్నకే వేల డాలర్లు. అయినా బయల్దేరే ముందు అతను పనిగట్టుకుని ఐదులు, పదులు, ఇరవైల నోట్లు సమకూర్చుకుంటాడు. కాగితం మాయకుండా, అంచు చిరగకుండా ఉన్నవే ఏరుకుంటాడు. ఆ కట్ట బక్షీసు కోసం.

చివరి సాయంత్రం కవర్లు బయటికొస్తాయి. అడుగుజాడ పట్టి నడిపించిన ట్రాకర్‌కొకటి, తోలు ఒలిచిన స్కిన్నర్‌కొకటి, వంటవాడికి, బట్టలుతికినవాడికి, స్నానానికి నీళ్లు కాచినవాడికి, డ్రైవర్‌కు. వేట నడిపించే ప్రొఫెషనల్ హంటర్‌ను అక్కడ అందరూ పీహెచ్ అంటారు. ఆయన కవరు అన్నిటికంటే లావు. రోజు ధరలో పదోవంతు అన్నది చాలామంది ఆయనకు కట్టే లెక్క. మిగతావారికి మనిషిని బట్టి రోజుకు ఐదు నుంచి ఇరవై డాలర్ల దాకా ముడుతుంది. ఎవరికెంత ఇస్తే మర్యాదో వేట కంపెనీలు ముందే కాగితం మీద రాసి పంపుతాయి. ధర ముందే రాసి పంపేదాన్ని బక్షీసు అనాలా, జీతంలో రెండో సగం అనాలా అన్న పేచీ ఈనాటిది కాదు. ఆఫ్రికా దారుల్లో డబ్బుకు నాణెం రూపం రాకముందే అది మొదలైంది.

19వ శతాబ్దం చివరిదాకా తూర్పు ఆఫ్రికా లోపలి దేశంలో ఖర్చుకు పనికొచ్చే డబ్బంటే గుడ్డ, పూస, ఇత్తడి తీగ. గుడ్డల్లో మేటి మెరికానీ, అంటే అమెరికాలోని మసాచుసెట్స్ మిల్లుల నుంచి సేలం వర్తకులు ఓడల్లో తెచ్చిన తెల్లటి ముతక బట్ట. దాని తర్వాత మన దేశం నుంచి వెళ్లిన నీలిమందు అద్దకపు కనికీ. కొలత పేరు దోతి, నాలుగు గజాలు. పూసలు వెనిస్ నుంచి వచ్చేవి. వీటన్నిటినీ అరువుమీద సరఫరా చేసేది జాంజిబార్‌లో స్థిరపడ్డ కచ్ వర్తకులు. అక్కడి సుల్తాను కస్టమ్స్ వసూలు గుత్తకు తీసుకున్న జైరాం శివ్‌జీ కోఠీ వాళ్లలో పెద్దది.

దీనిలో తిరకాసు ఏమిటంటే, డబ్బే బరువు. గుడ్డల మూటలు, పూసల సంచులు, తీగ చుట్టలు మోయడానికి కూలీలు కావాలి. ఆ కూలీలకు తిండి బత్తెం ఇవ్వాలి, దాన్ని పోషో అనేవారు. పోషో కొనడానికి మరికొంత గుడ్డ, ఆ గుడ్డ మోయడానికి మరికొందరు కూలీలు. ఒక్కొక్కరి నెత్తిన ముప్పై కిలోల దాకా ఉండేది. దారిలో ప్రతి స్థానిక నాయకుడి పొలిమేరలోనూ హోంగో అనే సుంకం చెల్లించాలి. పైగా పూసలకు ఊరికో రుచి. ఒకచోట ఎర్రపూస తప్ప ముట్టరు, రెండు రోజుల నడక దాటితే దాన్ని ఎవరూ కన్నెత్తి చూడరు. తప్పు రంగు తెచ్చుకున్న తెల్లవాడు సంచుల నిండా సొమ్ముండీ పస్తులుండాల్సిందే. ఇప్పుడూ అంతే, టాంజానియాలో 2006కు ముందు అచ్చయిన డాలరు నోటు ఇస్తే తీసుకోకుండా తిప్పి ఇచ్చేవాళ్లు ఎందరో. నోటు చెల్లుతుందని అమెరికా ఖజానా చెప్పినా అంగట్లో చెల్లదు.

బక్షీసు మీద చరిత్రకెక్కిన పెద్ద తగాదా ఒకటి ఈ గుడ్డ, పూసల కాలంలోనే జరిగింది. అది వేట యాత్ర కాదు, నైలు నది పుట్టిన చోటు వెతికిన యాత్ర. కానీ తర్వాతి వేట సఫారీలన్నీ ఆ బిడారు అచ్చులోంచి వచ్చినవే. 1857లో రిచర్డ్ బర్టన్, జాన్ స్పీక్ జాంజిబార్ నుంచి లోపలికి బయల్దేరారు. ఇద్దరూ మన దేశంలో కుంపిణీ సైన్యంలో చేసిన అధికారులు. వాళ్ల వెంట నడిచినవాళ్లలో సిదీ ముబారక్ బాంబే అనే ఆఫ్రికన్ ఉన్నాడు. చిన్నప్పుడే బానిసగా అమ్ముడుపోయి ఏళ్లపాటు గుజరాత్‌లో బతికి, యజమాని పోయాక స్వేచ్ఛ దొరికి తిరిగొచ్చినవాడు. టాంగన్యీకా సరస్సు దారిలో స్పీక్‌కూ బిడారుకూ మధ్య మాట నడిచింది అతని హిందుస్తానీలోనే.

జాంజిబార్‌లో బ్రిటిష్ కాన్సల్ అట్కిన్స్ హామర్టన్, బిడారు పెద్ద సయీద్ బిన్ సాలింకూ పరివారంలో కొందరికీ ముందు కొంత ముట్టజెప్పి, పని చక్కగా చేసి వస్తే సర్కారు తరఫున మంచి బహుమానం ఉంటుందని మాటిచ్చాడు. ఆ ఏడే ఆయన పోయాడు. 1859లో బిడారు తిరిగొచ్చింది. బహుమానం సంగతి రాగానే బర్టన్ చేతులు ముడుచుకున్నాడు. వీళ్లు దారిలో మొరాయించారు, కొందరు పారిపోయారు, బహుమానం మంచి నడవడికకే గనుక ఇవ్వాల్సింది ఏమీ లేదన్నాడు. కొత్త కాన్సల్ క్రిస్టఫర్ రిగ్బీ దీన్ని ఊరికే పోనివ్వలేదు. వెళ్లినవాళ్లు తన గుమ్మంలోకొచ్చి మొరపెట్టుకున్నారనీ, ఇస్తామన్నది ఇవ్వకపోతే సర్కారు మాటకు విలువ ఉండదనీ బొంబాయికి రాశాడు. జాంజిబార్ కాన్సల్‌కూ బర్టన్‌కూ కూడా బొంబాయి ప్రభుత్వమే యజమాని. స్పీక్ కూడా బర్టన్‌కు ఎదురు నిలిచాడు. చివరికి 1860లో లండన్‌లోని ఇండియా ఆఫీసు బర్టన్‌ను తప్పుపడుతూ ఉత్తరం రాసింది. ఉక్రోషం ఆగని బర్టన్ ఆ ఉత్తర ప్రత్యుత్తరాలన్నిటినీ తన యాత్రా గ్రంథం చివర అనుబంధంగా అచ్చేయించాడు. నాకైతే వాటిని చదివినవాడు బర్టన్ పక్షం చేరతాడని అనిపించదు. మధ్య ఆఫ్రికా సరస్సుల మీద ఆ కాలంలో వచ్చిన గొప్ప పుస్తకం ముగిసేది చెల్లించని బక్షీసు ఫైలుతో.

ఆ తర్వాత రూపాయి వచ్చింది, మన రూపాయే. తీరంలో అది ముందునుంచీ కొంత చెలామణీలో ఉన్నా, 1896లో మొంబాసా నుంచి రైలు దారి వేయడం మొదలయ్యాక లోపలికి పాకింది. ఆ పనికి 30 వేలకు మించి కూలీలను ఇండియా నుంచే తీసుకెళ్లారు. అలా కాకినాడ బజారులో చేతులు మారిన ఎడ్వర్డు రాజు బొమ్మ రూపాయే నైరోబీలోనూ చెల్లింది. పౌనుకు 15 రూపాయలు. రైలు రాగానే వేట వ్యాపారమైంది. న్యూలాండ్, టార్ల్టన్ అనే ఇద్దరు ఆస్ట్రేలియన్లు నైరోబీలో కంపెనీ పెట్టి డేరాలు, తిండి, కూలీలు, వేటగాళ్లు అన్నీ ఒకే బిల్లులో సమకూర్చడం మొదలుపెట్టారు. 1909 ఏప్రిల్‌లో మొంబాసాలో దిగిన థియోడర్ రూజ్‌వెల్ట్‌కు బిడారు కట్టింది వాళ్లే. అమెరికా అధ్యక్ష పదవి దిగి నెలన్నర అయిన మనిషి. వెంట కొడుకు కెర్మిట్, స్మిత్సోనియన్ మ్యూజియం నిపుణులు, రెండు వందల పైచిలుకు కూలీలు. తోళ్లు చెడకుండా నాలుగు టన్నుల ఉప్పు. తండ్రీకొడుకులు కలిసి 512 జంతువులను కూల్చారు.

అప్పటి ధరలు పక్కపక్కన పెట్టి చూడాలి. దొర వేట లైసెన్సు 50 పౌన్లు, అంటే 750 రూపాయలు. కూలీ నెల జీతం దాదాపు 10 రూపాయలు, పైన రోజుకు అరకిలోకు కాస్త మించి పిండి, ఒక కంబళి, ఒక బనీను, నీళ్ల సీసా. లైసెన్సు ఖరీదు కూలీకి ఆరేళ్ల జీతం. ఆ పది రూపాయల కోసమైనా అతనెందుకు వచ్చాడంటే సర్కారు గుడిసె పన్ను నాణెంలోనే కట్టించుకునేది. ఇంట్లో మేకలున్నా, చేలో జొన్న పండినా అది పన్నుకు పనికిరాదు.

జీతం ఇలా ఉన్నచోట బక్షీసుకు ఓ పండగ పుట్టింది. సింహం పడిందంటే కూలీలు దొరను భుజాలకెత్తుకుని పాట పాడుతూ క్యాంపంతా తిప్పేవారు, దొర జేబు తడుముకునేవాడు. చూడటానికి ఆనందం, లోపల వసూలు. రెండూ ఒకేసారి నిజం కావచ్చు. 1914లో యుద్ధం వచ్చింది, తర్వాత వెండి ధర పెరిగి పౌనులెక్కన రూపాయి బరువెక్కింది. రూపాయల్లో అప్పులున్న తెల్ల భూస్వాములు గోల పెట్టారు. 1920లో రూపాయిని తీసేసి ఫ్లోరిన్ తెచ్చారు, ఏడాది తిరిగీ తిరక్కుండా దాన్నీ తీసేసి షిల్లింగు తెచ్చారు.

ఆ షిల్లింగుల కాలపు బక్షీసు ఎంతుండేదో హెమింగ్వే కథ ఒకటి పట్టిస్తుంది. 1936లో అచ్చయిన ఫ్రాన్సిస్ మాకంబర్ కథ. ఆయన రెండేళ్ల ముందే అక్కడ వేటాడి వచ్చాడు గనుక వివరం గాల్లోంచి తెచ్చింది కాదు. సింహాన్ని చూసి పారిపోయిన మాకంబర్‌ను వంటవాడు, నౌకర్లు, స్కిన్నర్, కూలీలు భుజాన మోసి తెస్తారు. తుపాకులు మోసినవాళ్లు మాత్రం చేయి వేయరు, అసలు జరిగింది వాళ్లకే తెలుసు. తర్వాత మాకంబర్ వీళ్లకెంత ఇమ్మంటావని పీహెచ్‌ను అడుగుతాడు. ఒక పౌను చాలు, అలవాటు చెడగొట్టొద్దంటాడు అతను. మేస్త్రీ పంచుతాడా అని అడిగితే, ఆ, తప్పకుండా అని జవాబు. అంతమందికీ కలిపి ఒక పౌను, అదీ మేస్త్రీ చేతిమీదుగా. మేస్త్రీ ఎంత తీసుకుని ఎంత పంచాడన్నది కథలో ఎవరూ అడగరు. ఈ మేస్త్రీని స్వాహిలీలో న్యాపరా అనేవారు. గుడ్డల కాలంలో పోషో కొలిచిందీ, రూపాయల కాలంలో జీతం పట్టిక చదివిందీ అతనే.

1973లో టాంజానియా, 1977లో కెన్యా వేట ఆపేశాయి. టాంజానియా కొన్నేళ్లకే మళ్లీ తెరిచింది, కెన్యా తెరవలేదు. వ్యాపారం దక్షిణానికి జరిగింది. జింబాబ్వేలో 1989లో మొదలైన క్యాంప్‌ఫైర్ పథకం ట్రోఫీ సొమ్ములో వాటా జంతువుల పక్కన బతికే ఊళ్లకు చేరాలంది. లింపోపో ఒడ్డున చిక్వరక్వర అనే ఊళ్లో తొలినాళ్లలో జరిగిన పంపకం గురించి ఆ పథకంవాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. సొమ్మును జిల్లా ఆఫీసులో ఉంచకుండా నోట్లుగా ఊరి మధ్యకు తెచ్చి, అందరూ చూస్తుండగా ఇంటింటి పేరూ పిలిచి ఇచ్చారు. ఇంటికి 400 జింబాబ్వే డాలర్లు. సొమ్ము చేతిలో పడ్డాక, అందులోంచే వాళ్లు కొంత తిరిగిచ్చి పిండిమర పెట్టుకున్నారు. మేస్త్రీ లేని పంపకం అది. అన్ని జిల్లాల్లోనూ అలా జరగలేదు. చాలాచోట్ల జిల్లా కౌన్సిలే కొత్త న్యాపరా అయింది.

ఆ జింబాబ్వే డాలరు 2008 నాటికి కాగితమైపోయింది. 2009 జనవరిలో నూరు లక్షల కోట్ల నోటు అచ్చేసి, కొద్దినెలల్లోనే దేశం తన నోటును పక్కనపెట్టి అమెరికా డాలర్లలోకి మారింది. చిన్న నోట్లు కొత్తవి వచ్చేవి కావు, ఉన్నవే తిరిగి తిరిగి జిడ్డు పట్టేవి. ఒక్క డాలరు నోట్లను జనం గోరువెచ్చని నీళ్లలో ఉతికి, క్లిప్పులు పెట్టి తీగమీద ఆరేసుకున్నారు. వేటగాడు తెచ్చిన శుభ్రమైన పది నోటుకు అంత గిరాకీ ఎందుకో దీంతో తెలుస్తుంది. దక్షిణాఫ్రికాలో మాత్రం ర్యాండ్లే సుఖం. కానీ ఆ దేశంలోకి మనిషికి 25 వేల ర్యాండ్లకు మించి నోట్లుగా తీసుకెళ్లనివ్వరు. అమెరికా గడప దాటేటప్పుడు 10 వేల డాలర్లు మించితే చెప్పి తీరాలి. కెమెరా పట్టుకుని మసాయి మారా వెళ్లే మన హైదరాబాద్, విజయవాడ వాళ్లకు ఇక్కడ ఇచ్చే విదేశీ నోట్లు యాత్రకు 3 వేల డాలర్ల దాకానే, వాళ్లకు అది చాలా ఎక్కువే.

ఈ రోజుకీ పోనిది పాత పేచీయే. పీహెచ్ చేతికిస్తే ఆయన అందరికీ పంచుతాడు, ఎవరెంత పనిచేశారో ఆయనకు తెలుసు అంటారు కొందరు. పేరు రాసిన కవరు మనిషి చేతిలో స్వయంగా పెట్టాలంటారు ఇంకొందరు. నా ఓటు రెండోదానికే. వంటింట్లో ఉండి కనబడనివాడు నష్టపోతాడన్నది దీనికున్న లోపం. అందుకే కొన్ని క్యాంపుల్లో అందరికీ కలిపి ఒక పెట్టె. టాంజానియాలో వేట వెంట సర్కారు స్కౌటు ఉండి తీరాలి. అతనికిచ్చేది మరీ సున్నితం. అతను జీతం తీసుకునే అధికారి, గాయపడిన జంతువును లెక్కలో రాసేదీ అతనే. అక్కడ బక్షీసుకూ మనం మామూళ్లు అనేదానికీ మధ్య గోడ చాలా పల్చన. ఇవ్వాలంటే వేట మధ్యలో కాకుండా, కాగితాల మీద సంతకాలయ్యాక అందరి ముందూ ఇవ్వడం ఒక్కటే దారి.

ఇక స్కిన్నర్. జంతువు పడిన గంటల్లోనే తోలు ఒలిచి, చెవి లోపలి మృదులాస్థి తీసి, పెదవులు చీల్చి పలచన చేసి, మడతలన్నిటిలోకీ ఉప్పు పట్టించాలి. ఒక్క మడత తప్పితే అక్కడ కుళ్లు పట్టి వెంట్రుకలు ఊడొస్తాయి. తోలు క్రిములు చంపే మందులో మునిగి, పర్మిట్లు దాటి, ఓడెక్కి టెక్సస్ చేరడానికి నెలలు పడుతుంది, ఒక్కోసారి ఏడాది. మెడ దగ్గర వెంట్రుక నిలిచిందో ఊడిందో అప్పుడు గానీ తెలియదు. అతని కవరు మాత్రం చివరి సాయంత్రమే, మిగతావాళ్లతో పాటే ఇచ్చేస్తారు.