ఓపెన్ విద్యా వనరులు: హైస్కూలు ఇంగ్లీష్ టీచరుకు మాటల వివరణ

విద్యా వనరు: పాఠ్యపుస్తకం ఒక్కటే కాదు, వర్క్‌షీటు, ఆడియో, ప్రశ్నపత్రం, టీచరు రాసుకున్న పాఠ్య ప్రణాళిక, అన్నీ వనరులే. దీని మీద తగాదా లేదు.

ఓపెన్: తగాదా అంతా ఇక్కడే. 2002లో యునెస్కో పారిస్ సమావేశంలో ‘ఓపెన్ విద్యా వనరులు’ అనే పేరు స్థిరపడింది. ఓపెన్ అంటే ‘ఉచితం’ అనుకునేవాళ్లే ఎక్కువ. డబ్బు కట్టకుండా చూడగల గ్రామర్ వీడియోను కోసి, మన మాటలు చేర్చి, పక్క మండలం టీచర్లకు పంచే హక్కు అంతమాత్రాన రాదు. అనగా చూడనివ్వడం వేరు, మార్చనివ్వడం వేరు. విద్యావేత్త డేవిడ్ వైలీ ఈ హక్కులను ఐదుగా లెక్కగట్టాడు: దాచుకోవడం, వాడుకోవడం, మార్చుకోవడం, వేరొకదానితో కలపడం, పంచడం.

మరి క్లాసులో జిరాక్సు కాపీలు ఇవ్వడానికీ అనుమతి కావాలా? అక్కర్లేదు. బోధనలో భాగంగా టీచరు ప్రతులు తీయడానికి 1957 కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ వీలిచ్చింది. అదే వర్క్‌షీటు జిల్లా టీచర్ల వాట్సాప్ గ్రూపుకెక్కితే మాత్రం ఆ మినహాయింపును నమ్ముకోలేం. అప్పుడు లైసెన్సు చూడాలి.

లైసెన్సు: అంటే హక్కుదారు ముందే రాసిపెట్టిన అనుమతి. క్రియేటివ్ కామన్స్ లైసెన్సుల్లో ‘బివై’ అంటే కర్త పేరు చెప్పాలి. ‘ఎస్ఏ’ అంటే మార్చినదాన్ని అదే షరతు మీద పంచాలి. ‘ఎన్‌సి’ అంటే వ్యాపారానికి వాడరాదు. ‘ఎన్‌డి’ అంటే మార్చిన రూపాన్ని పంచరాదు. అనగా కథను ఏడో తరగతికి తగినట్టు సరళం చేసి పంచకూడదు, తెలుగు చేసీ పంచకూడదు. అలాంటిదాన్ని ఓపెన్ అనడానికి నేను ఒప్పుకోను.

పబ్లిక్ డొమైన్: కాపీరైట్ గడువు తీరిన రచనలు. మన దేశంలో రచయిత పోయాక 60 ఏళ్లు. ఠాగూర్ 1941లో పోయారు, గడువు 2001తో ముగిసింది. అయితే బెంగాలీ మూలానికి గడువు తీరినంత మాత్రాన నిన్నమొన్నటి ఇంగ్లీష్ అనువాదానికి తీరదు; అనువాదకుడి హక్కు వేరు. 1916 నాటి సంపుటిలోని ఠాగూర్ కథ ‘కాబూలీవాలా’ పాత అనువాదం ఉచిత పుస్తకాల సైటు ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్‌లో దొరుకుతుంది.

మార్పు: ఆ కథనే తీసుకుందాం. చెప్పేది మినీ అనే చిన్నపిల్ల తండ్రి. మొదటి పేరాను మినీ చెబుతున్నట్టు రాయమని తొమ్మిదో తరగతికి ఇవ్వండి. ‘మై డాటర్’ పోయి ‘ఐ’ వస్తుంది. ‘హర్ మదర్’ కాస్తా ‘మై మదర్’ అవుతుంది. అక్కడితో అయిపోదు. తండ్రి మనసులో అనుకున్న మాట మినీకి ఎలా తెలుస్తుంది? ఆ వాక్యాన్ని తీసెయ్యాలా, ‘మా నాన్న అంటుంటాడు’ అని తిప్పాలా? సర్వనామాల లెక్కగా మొదలైన అభ్యాసం ఇక్కడ కథ చదవడంగా మారుతుంది. ఇలా తయారైన వర్క్‌షీటును ఎవరికైనా పంచవచ్చు.

స్థాయి: ప్రథమ్ బుక్స్ 2015లో మొదలుపెట్టిన వెబ్‌సైటు స్టోరీవీవర్‌లో కథలు నాలుగు స్థాయిల్లో, చాలావరకు ‘బివై’ కింద ఉన్నాయి. స్థాయి అంటే భాష ఎంత కఠినమో చెప్పే గుర్తు, వయసు గుర్తు కాదు. ఒకటో స్థాయి పుస్తకం చేతికిస్తే పద్నాలుగేళ్ల పిల్లవాడు చిన్నబుచ్చుకుంటాడు. అదే కథను కింది తరగతుల కోసం ఇంగ్లీష్‌లో చదివి రికార్డు చేయమంటే, ఉచ్చారణ కోసం తనే నాలుగుసార్లు చదువుకుంటాడు. ఆ రికార్డింగు వెంట రచయిత, చిత్రకారుడు, అనువాదకుడు ఉంటే ఆయన, లైసెన్సు, ఈ నాలుగు వివరాలూ ఉండాలి.