వేరుగా ఉంచిన దస్త్రం: మాజీ సైనికుల మానసిక చికిత్సలో గోప్యత

యుద్ధంలో సైనికుడి శరీరానికి తగిలిన గాయం అతనికి గౌరవాన్ని తెచ్చిపెట్టగా, మనసుకు తగిలిన గాయం చాలాకాలం పాటు అతని ఉద్యోగ దస్త్రంలో మచ్చగానే మిగిలింది. ఇరవయ్యో శతాబ్దపు సైనిక వైద్య చరిత్రలో, మనోవ్యాధికి చికిత్స ఎలా చేయాలన్న ప్రశ్నకు తోడుగా, ఆ చికిత్స సంగతి ఎవరికి తెలియాలన్న ప్రశ్న కూడా అడుగడుగునా ఎదురవుతుంది. ఈ రెండో ప్రశ్నకు అమెరికా 1979లో, మాజీ సైనికుల సలహా కేంద్రాలైన వెట్ సెంటర్ల రూపంలో ఒక సమాధానం కనుగొన్నది. అయితే అక్కడికి చేరడానికి ముందు అనేక వేల మంది సైనికులు తమ మౌనానికి భారీ మూల్యం చెల్లించవలసి వచ్చింది.

మొదటి ప్రపంచయుద్ధ కాలంలో, 1915 ఫిబ్రవరిలో, బ్రిటిష్ వైద్యుడు చార్లెస్ మయర్స్ ‘లాన్సెట్’ వైద్యపత్రికలో ‘షెల్ షాక్’ గురించి రాశాడు. ఫిరంగి గుండ్ల పేలుళ్ల మధ్య గడిపిన సైనికుల్లో, పైకి గాయమేదీ కనిపించకపోయినా, చూపు మందగించడం, వాసనా రుచీ తెలియకపోవడం, జ్ఞాపకశక్తి నశించడం వంటి లక్షణాలు కలగడాన్ని ఆ పేరుతో వ్యవహరించారు. వైద్యులు దీనిని వ్యాధిగా గుర్తిస్తున్న రోజుల్లోనే సైనిక న్యాయస్థానాలు దానిని పిరికితనంగా పరిగణించాయి. షెల్ షాక్‌కు ఆసుపత్రిలో చికిత్స పొందిన హ్యారీ ఫార్ అనే సైనికుణ్ణి 1916 అక్టోబరులో పిరికితనం నేరం కింద కాల్చి చంపారు. అతనితో సహా, పారిపోవడం, పిరికితనం వంటి నేరాలకు మరణశిక్ష పొందిన 306 మందికి బ్రిటన్ క్షమాభిక్ష ప్రకటించడానికి 2006 వరకు పట్టింది.

రెండో ప్రపంచయుద్ధంలో మరణశిక్ష స్థానాన్ని అవమానం ఆక్రమించింది. విమానాల్లో వెళ్లడానికి ఇక మనసు ఒప్పని సిబ్బందిని బ్రిటిష్ వైమానిక దళం ‘నైతిక స్థైర్యం లేనివారు’ అన్న వర్గంలో చేర్చి, వారి విమాన చిహ్నాలను తొలగించే విధానాన్ని 1940లో ప్రవేశపెట్టింది. చెదిరిన మనసును వైద్యుడి ముందు ఒప్పుకోవడమంటే తన వృత్తిని తానే పణంగా పెట్టడమని సైనికులకు ఈ విధానం స్పష్టం చేసింది.

అమెరికాలో ఈ భయం సైనికుణ్ణి సైన్యం వీడిన తరువాత కూడా వెంటాడింది. వియత్నాం యుద్ధకాలంలో ఇచ్చిన విడుదల పత్రాలపై, సైనికుడు కొలువు వీడిన కారణాన్ని సూచించే ఒక సంకేత సంఖ్య ఉండేది. గౌరవప్రదంగా విడుదలైనవారి పత్రాల్లో సైతం ఆ సంఖ్య వ్యక్తిత్వ లోపాన్నో, సైనిక జీవితానికి తగనితనాన్నో తెలియజేయవచ్చు. దాని అర్థం సైనికుడికి తెలియకపోయినా, సంకేతాల పట్టిక సంపాదించిన యజమానులకు తెలిసేది. రక్షణ శాఖ 1974లో ఈ సంకేతాలను పత్రాలపై వేయడం మానుకున్నది గాని, ప్రభుత్వ కాగితంపై పడిన మాట ఎప్పుడైనా తమకు ఎదురుతిరగవచ్చన్న అనుమానం మాజీ సైనికుల్లో అప్పటికే పాతుకుపోయింది.

ఆ అనుమానం నుంచే కొత్త మార్గం పుట్టింది. 1970 చివర్లో న్యూయార్క్‌లో, యుద్ధాన్ని వ్యతిరేకించే వియత్నాం మాజీ సైనికుల సంఘానికి చెందినవారు, మానసిక వైద్యులు రాబర్ట్ జే లిఫ్టన్, హైమ్ షాటన్‌ల తోడ్పాటుతో ‘ర్యాప్ గ్రూపులు’ ప్రారంభించారు. ఇవి మాజీ సైనికులు ఒకచోట కూర్చుని తమ అనుభవాలను అరమరికలు లేకుండా పంచుకునే సమావేశాలు; ఇవి ప్రభుత్వ ఆసుపత్రి గోడల వెలుపల జరిగాయి, వైద్యులు వాటిలో అధికారులుగా గాక సహభాగులుగా పాల్గొన్నారు.

మాజీ సైనికులకు ఇలాంటి తోడ్పాటును ప్రభుత్వం తరఫున అందించేందుకు సెనేటర్ అలన్ క్రాన్‌స్టన్ 1970ల ఆరంభం నుంచి సాగించిన ప్రయత్నం, వియత్నాంలో రెండు కాళ్లనూ ఒక చేతినీ కోల్పోయిన మాక్స్ క్లీలాండ్ మాజీ సైనికుల వ్యవహారాల సంస్థకు అధిపతిగా ఉన్న సమయంలో, 1979లో చట్టంగా ఫలించింది. ఆ చట్టం కింద ఏర్పడిన వెట్ సెంటర్లను ఆసుపత్రులకు దూరంగా, సాధారణ వీధుల్లోని దుకాణాల సరసన తెరిచి, సలహాదారుల్లో చాలామందిని మాజీ సైనికుల నుంచే తీసుకున్నారు. వీటి దస్త్రాలను ఆసుపత్రి దస్త్రాలతో కలపకుండా వేరుగా ఉంచి, ప్రాణాపాయాన్ని నివారించవలసినప్పుడో, చట్టం ఆదేశించినప్పుడో తప్ప, సైనికుడి అంగీకారం లేకుండా ఎవరికీ ఇవ్వకూడదన్న నియమాన్ని పాటిస్తారు. నేడు సుమారు 300 కేంద్రాలు పనిచేస్తున్నాయి. పోరాట ప్రాంతాల్లో పనిచేసి ఇంకా కొలువులోనే ఉన్నవారికి కూడా 2013లో చట్టం వీటి ద్వారాలు తెరిచింది.

అమెరికా మనోవైద్యుల సంఘం 1980లో ‘పోస్ట్ ట్రామాటిక్ స్ట్రెస్ డిజార్డర్’, అంటే ఘోర అనుభవం తరువాత మనసును వదలని ఒత్తిడి రుగ్మతను, తన వ్యాధుల జాబితాలో చేర్చినా, వ్యాధికి గుర్తింపు వచ్చినంత మాత్రాన రోగికి అభయం లభించలేదు. ఇరాక్, అఫ్గానిస్తాన్‌ల నుంచి వచ్చిన దళాలపై పరిశోధకుడు చార్లెస్ హోగ్ బృందం 2004లో ప్రచురించిన అధ్యయనంలో, మానసిక రుగ్మత లక్షణాలు కనిపించినవారిలో 23 నుంచి 40 శాతం మంది మాత్రమే చికిత్స కోరినట్లు తేలింది. చికిత్స వల్ల ఉద్యోగానికి హాని కలుగుతుందని భావించినవారు ఆ బాధితుల్లో సగం మంది ఉన్నారు. రహస్య సమాచారాన్ని చూసేందుకు ప్రభుత్వం ఇచ్చే భద్రతా అనుమతి దరఖాస్తులో, మానసిక వైద్యుణ్ణి సంప్రదించారా అన్న ప్రశ్న అప్పట్లో ఈ భయానికి ఒక ముఖ్య కారణంగా ఉండేది. యుద్ధానంతర సర్దుబాటు కోసం మాత్రమే పొందిన చికిత్సను ఆ ప్రశ్నకు సమాధానంగా వెల్లడించనవసరం లేదని 2008లో రక్షణ మంత్రి రాబర్ట్ గేట్స్ ప్రకటించాడు.

చేతిలో ఆయుధం ఉన్న మనిషి మానసిక స్థితి అతని పై అధికారికి తెలియాలన్న వాదనలో న్యాయం లేకపోలేదు, అందుకే ఏ దేశంలోనూ ఈ గోప్యత సంపూర్ణం కాదు. అయితే బలవంతంగా వెల్లడింపజేసే వ్యవస్థ సైన్యాధికారులకు నిజాన్ని అందించలేదనీ, సైనికుణ్ణి వైద్యుడి గుమ్మం కూడా తొక్కనీయక వ్యాధినే దాచిపెట్టించిందనీ ఈ శతాబ్దకాలపు అనుభవం రుజువు చేస్తుంది. అందువల్ల గోప్యతను రోగికి చూపే దయగా గాక చికిత్సలోనే ఒక భాగంగా చూడాలి. తన మాట తన జీవనోపాధిని దెబ్బతీయదన్న నమ్మకం కుదిరినప్పుడే సైనికుడు నోరు విప్పుతాడు, అతడు నోరు విప్పినప్పుడే వైద్యం మొదలవుతుంది.