ఏజియన్‌కు ఇటూ అటూ

గ్రీసు అనగానే ఏలూరులోనైనా తాడేపల్లిగూడెంలోనైనా ముందు గుర్తొచ్చేది సోక్రటీసు, ఆ తర్వాత అలెగ్జాండరు. బడిలో మనకు చెప్పిన గ్రీసు అక్కడితో అయిపోతుంది. నేను స్థిరపడిన థెస్సలోనికీలో ఇరుగుపొరుగుతో మాట కలిపితే వాళ్లిద్దరి ఊసే రాదు. 1922 వస్తుంది, 1923 వస్తుంది. మీ పెద్దలది ఏ ఊరని అడిగితే చాలామంది ఇప్పుడు టర్కీలో ఉన్న ఊరి పేరు చెబుతారు. ఈ దేశం అర్థం కావాలంటే ఆ రెండేళ్ల దగ్గరే మొదలుపెట్టాలి.

ఆ కాలంతో మనకూ సంబంధం ఉంది. మన పెద్దలు ఖిలాఫత్ సభల్లో టర్కీ పక్షాన నిలిచిన రోజులవి. 1919 మేలో గ్రీకు సైన్యం స్మిర్నాలో, అంటే నేటి ఇజ్మీర్‌లో, దిగి అనటోలియా లోపలికి చొచ్చుకుపోయింది. 1922లో ముస్తఫా కెమాల్ సేన చేతిలో ఓడి వెనక్కి మళ్లుతూ మనీసా, అలషెహిర్ లాంటి పట్టణాలను తగలబెట్టింది. కొద్దిరోజులకే, సెప్టెంబరులో, స్మిర్నాలోని గ్రీకు, అర్మేనియన్ పేటలు కాలిపోయాయి. వెనక మంట, ముందు సముద్రం. లక్షలాది జనం రేవు గట్టు మీద ఓడల కోసం పడిగాపులు పడ్డారు.

తర్వాత లొజాన్‌లో చర్చలు జరిగాయి. వాటికి పెద్ద 1905లో బెంగాల్‌ను చీల్చిన కర్జనే. జనాభా మార్పిడి చెడ్డ పరిష్కారమని ఆయన పైకే అన్నాడు. అయినా 1923 జనవరి 30న ఆ మార్పిడి ఒడంబడిక మీద సంతకాలు పడ్డాయి. టర్కీలోని ఆర్థడాక్స్ క్రైస్తవులు గ్రీసుకు, గ్రీసులోని ముస్లింలు టర్కీకి వెళ్లాలి. ఇస్తాంబుల్ గ్రీకులకు, పశ్చిమ థ్రేస్ ముస్లింలకు మాత్రమే పెద్ద మినహాయింపు. ఇంట్లో ఏ భాష మాట్లాడతారని ఎవరూ అడగలేదు. టర్కిష్ తప్ప మరో మాట రాని కప్పదోకియా క్రైస్తవులు గ్రీకులయ్యారు. గ్రీకు తప్ప మరో మాట రాని క్రీట్ ముస్లింలు టర్కులయ్యారు. సుమారు 12 లక్షల మంది ఇటు వస్తే, నాలుగు లక్షలకు కాస్త తక్కువగా అటు వెళ్లారు. ఇటు వచ్చినవాళ్లలో ఎక్కువమంది ఒడంబడికకు ముందే ప్రాణాలు అరచేత పట్టుకుని పారిపోయి వచ్చినవాళ్లు. వాళ్లు ఇక తిరిగి వెళ్లకుండా ఆ కాగితం తలుపు మూసింది. 1928 జనగణన నాటికి గ్రీసులో ప్రతి ఐదుగురిలో ఒకరు శరణార్థి.

ఇదంతా నేను మొదట చదివి తెలుసుకున్నాను. కంటితో చూసింది విశ్వవిద్యాలయ చరిత్ర విద్యార్థులతో కలిసి లెస్బోస్ దీవి మీదుగా టర్కీ తీరంలోని ఐవాలిక్ వెళ్లినప్పుడు. 1922కు ముందు అది దాదాపుగా గ్రీకు పట్టణం. ఆ ఏడు టర్కీ సేన అక్కడి మగవాళ్లను కూలి దళాలుగా లోపలి ప్రాంతాలకు నడిపించుకుపోయింది, తిరిగొచ్చినవాళ్లు బహు కొద్దిమంది. అలా పద్దెనిమిదేళ్లకే బందీ అయిన ఇలియాస్ వెనేజిస్ తన ఖైదీ సంఖ్య 31328నే పుస్తకానికి పేరుగా పెట్టాడు. ఆ గ్రీకుల ఇళ్లలోకి క్రీట్ నుంచి, లెస్బోస్ నుంచి వచ్చిన ముస్లింలు చేరారు. పాత చర్చి ఒకటి గడియారం గోపురంతో సహా మసీదుగా ఉంది. పక్కనున్న జుందా దీవిలో ఒక ముసలాయన మా విద్యార్థులతో క్రీట్ యాసలో గ్రీకు మాట్లాడాడు. పిల్లలు ఆయన చుట్టూ చేరి కదల్లేదు.

ఆ యాత్రలో నన్ను ఎక్కువగా కలచివేసింది మరొకటి. మాతో వచ్చిన గ్రీకు పిల్లలకు స్మిర్నా మంటల గురించి పూసగుచ్చినట్టు తెలుసు, మనీసా మంటల గురించి ఏమీ తెలియదు. అక్కడ కలిసిన టర్కీ పిల్లల్లో చాలామందికి మనీసా తెలుసు, స్మిర్నా రేవులో జనం పడ్డ పాట్లు తెలియవు. ఒకే నెలలో, ఒకే దారిలో జరిగినవి ఇవి. రెండూ కలిపి చెప్పని చరిత్ర పాఠం పిల్లలకు సగం అబద్ధం నేర్పుతుందని నేను గట్టిగా నమ్ముతాను.

కొల్లేటి ఒడ్డువాళ్లకు ప్రత్యేకంగా చెప్పాల్సింది ఒకటుంది. థెస్సలోనికీకి పడమర యానిత్సా అని లోతు తక్కువ సరస్సు ఉండేది. రెల్లు, చేపలు, పక్షులు, దోమలు. శరణార్థులకు భూమి కావాలి. పైగా ఆ చిత్తడి పక్కన దింపినవాళ్లు మలేరియాతో రాలిపోతున్నారు. ప్రభుత్వం అమెరికా కంపెనీతో కాలువలు తవ్వించి 1930ల నడుమకల్లా సరస్సును పూర్తిగా ఎండగట్టింది. ఇవాళ అక్కడ పత్తి, మొక్కజొన్న. ఇంకాస్త దిగువన ఆక్సియోస్ నది మైదానంలో వరి కూడా పండుతుంది. ఆ మడులు చూసినప్పుడల్లా నాకు ఆకివీడు, కైకలూరు దారి గుర్తొస్తుంది.

కొల్లేరులో ఐదో కాంటూరు దాకా అభయారణ్యం అన్నాం. 2006లో చేపల చెరువుల గట్లు కొట్టించాం. ఇప్పటికీ వాదించుకుంటున్నాం. బుడమేరు, తమ్మిలేరు నీళ్లు తెస్తున్నాయి, ఉప్పుటేరు సముద్రంలోకి తీసుకుపోతోంది, ఆటపాకకు గూడబాతులు వస్తున్నాయి. అంటే వాదించుకోవడానికి సరస్సంటూ మిగిలింది. యానిత్సాలో ఆ వాదనే లేదు. అక్కడ నీళ్లు మళ్లీ నింపాలంటే, టర్కీలో ఒకసారి ఇల్లు పోగొట్టుకున్నవాళ్ల మనవలను ఇంకోసారి లేపాలి.